సొరలకు కొలతలు తీసిన అమ్మాయి

మా అమ్మాయి ప్రసవించి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నాలుగో రోజున నా భార్య నన్ను చేపల మార్కెట్టుకి పంపింది. బాలింతకి పాలు పడాలంటే పాలసొర చేప తెచ్చి, ఉడికించి పొడిపొడిగా పిట్టు చేసి పెట్టాలని ఆమె పట్టుదల. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. మా అమ్మ మా అక్కలకి చేసిపెట్టింది, మా అత్తగారు నా భార్యకి చేసిపెట్టింది. సంచీ పట్టుకుని బయల్దేరాను.

ఇంట్లో బాలింత ఉందని చెప్పగానే మార్కెట్లో చేపలావిడ తడిగోనె కింద నుంచి నాలుగు సొరపిల్లల్ని తీసి పళ్ళెంలో పరిచింది. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవుంటాయి. పొద్దున్నే వచ్చినవనీ, ముల్లు కూడా లేతగా ఉంటుందనీ అంది. నేను ఒకదాన్ని తీసి వెల్లకిలా తిప్పాను. ముందు రెక్కలు రెండింటి మధ్య, తెల్లటి పొట్ట మీద, గోటితో గీరినట్టు సన్నని చీలిక. ఇంకా మూసుకోలేదు. మిగతా మూడింటినీ తిప్పాను. మూడింటికీ ఉంది.

ఆవిడ నన్ను వింతగా చూసింది. మొప్ప ఎత్తి చూసే బేరగాళ్ళుంటారు గానీ పొట్ట తిప్పి చూసేవాళ్ళు ఉండరు. పిల్లల్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి, పక్క బుట్టలో ఉన్న కొరమీను కొనుక్కుని ఇంటికొచ్చాను. సొర దొరకలేదని అబద్ధం చెప్పాను.

పొట్ట తిప్పి చూడడం నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆమె పేరు రాయను. అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఆ పేరు వింటే ఇంకా మొహం తిప్పుకునేవాళ్ళున్నారు. వాళ్ళ మధ్యే ఆమె తల్లి బతకాలి.

అమలాపురంలో కోర్టుకి వెళ్ళే దారిలో నాకొక చిన్న జిరాక్సు కొట్టు ఉంది. దరఖాస్తులు నింపుతాను, టైపు చేసిపెడతాను. గల్ఫు వెళ్ళే ఆడవాళ్ళ పాస్‌పోర్టు కాగితాలు ఎన్ని నింపానో నాకే గుర్తులేదు. ఆ అమ్మాయివీ నేనే నింపాను. ఏడో తరగతి చదివింది. ఏం పనొచ్చని అడిగితే వంట అనీ, ఈత అనీ చెప్పింది. ఈత అని రాసే గడి అందులో లేదు. వంట అని రాశాను. మస్కట్‌లో ఒక ఇంట్లో వంటకి వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళ బంధువులకి, సరదాకి సముద్రంలో మునగాలనుకునేవాళ్ళని తీసుకెళ్ళే పడవ ఉండేదట. ఆ పడవలో వంటకి మారింది. మునగడం నేర్పే ఒక విదేశీ ఆవిడ ఈమె ఈత చూసి, గిన్నెలు కడిగాక నీళ్ళలోకి రమ్మందట. అలా మొదలైంది. ఆ సంగతులు ఇంతకంటే ఎక్కువ ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న నా కొట్టు మెట్ల మీద ఒక నల్లటి, బక్కపల్చటి మనిషి కూర్చుని ఉంది. జుట్టు కొసలు ఉప్పునీళ్ళకి ఎర్రబడి ఉన్నాయి. నుదుటి మీద అడ్డంగా, నీళ్ళలో పెట్టుకునే అద్దం నొక్కిన చార. "బాగున్నారా బాబాయి గారూ, నా పాస్‌పోర్టు మీరే రాసేరండి" అంది. అప్పటికి ఆమె విశాఖపట్నంలో, సెలవులకొచ్చేవాళ్ళని సముద్రం అడుగుకి తీసుకెళ్ళి చూపించే ఒక చోట పనిచేస్తోంది. నెలకోసారి తల్లిని చూడ్డానికి వస్తుంది. దారిలో నాతో ఒక పని ఉందట.

సంచీలోంచి అరచేతంత తెల్లటి ప్లాస్టిక్ పలకలు తీసింది. వాటి మీద పెన్సిలుతో నీళ్ళ కింద కూడా రాయొచ్చు. తన వెంట దిగిన ప్రతివాళ్ళ చేతా పైకి రాగానే వాటి మీద రాయిస్తుంది. ఏ రోజు, ఏ రాళ్ళ దగ్గర, ఎంత లోతు, నీళ్ళలో ఎంత దూరం కనబడింది, సొరలు కనిపించాయా, ఎన్ని, ఏ రకం, ఆడా మగా. అవన్నీ కంప్యూటర్లో వరసగా ఎక్కించి, సొరల మీద పరిశోధన చేస్తున్న ఒక మేడం గారికి మెయిలు పంపాలి. చదువుకున్నవాళ్ళకి పడవ మీద సముద్రమంతా తిరిగి లెక్కపెట్టే వీలుండదట. ఎలాగూ సరదాకి దిగేవాళ్ళ కళ్ళు ఊరికే పోతున్నాయి కదా, వాటితో లెక్కపెట్టిస్తే ఏ సొర ఎక్కడ తగ్గిపోతోందో తెలుస్తుందని ఆ మేడం గారు చెప్పారట. నాకు నవ్వొచ్చింది. సొరల జనాభా లెక్కలన్న మాట అన్నాను. ఆమె నవ్వలేదు. "ఆయ్, అదేనండి" అంది.

ఆ నెల నుంచీ నెలనెలా రెండో ఆదివారం వచ్చేది. బేరాలుండని రోజు కాబట్టి నాకూ ఇబ్బంది లేదు. కుర్చీ ఎప్పుడూ నాకు ఎడమ పక్కకి లాక్కుని కూర్చునేది. ఆమెకి ఒక చెవి సరిగా వినపడదు, నీళ్ళలో ఏదో తేడా చేసిందట. ఆ చెవిని రెండు వేళ్ళతో తట్టుకుంటూ పలకలు చదివేది. టీ చాలా అని అడిగితే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించేది. సముద్రంలో అది బాగుందని చెప్పడం. ఎవరైనా మెచ్చుకోలుగా బొటనవేలు పైకెత్తితే మాత్రం ఉలిక్కిపడేది. నీళ్ళ కింద దానికి పైకి పోదామని అర్థం. ఏదో ప్రమాదం వచ్చిందేమోనని ఒళ్ళు దానంతటదే లేచిపోతుందండి అనేది. మునిగేవాళ్ళు వీపున కట్టుకునే సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదనీ, ఒట్టి గాలేననీ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నేను ఆక్సిజన్ అనే అనేవాణ్ణి.

ఒకసారి పది పన్నెండు పలకల మీద సొరలేవీ కనబడలేదని ఉంది. నేను ఆ వరసల్లో అంకె వేయకుండా వదిలేసి పని తొందరగా ముగించాను. ఆమె తెర మీదికి వంగి వేలుపెట్టి చూపించింది.

"ఇక్కడ సున్నా వెయ్యండి బాబాయి గారూ."

ఖాళీగా ఉన్నా అర్థం అదే కదా అన్నాను.

"కాదండి. ఖాళీ అంటే మేం దిగలేదని. సున్నా అంటే దిగేం, చూసేం, లేవు అని. చిన్న సంగతి కాదండి అది."

మళ్ళీ మొదటి నుంచీ కూర్చుని సున్నాలు వేశాను. ఆ ఏడాది సున్నాలు తక్కువే. మరుసటి ఏడాది ఎక్కువయ్యాయి. ఆ తర్వాత ఒక పేజీ మొత్తం సున్నాలతో నిండిన నెలలు కూడా వచ్చాయి. నేను పేజీ కిందికి జరుపుతుంటే, చెవి తట్టుకునే ఆమె వేళ్ళు ఆగిపోయేవి.

ఒకసారి మా తోడల్లుడి కూతురి పెళ్ళికి విశాఖపట్నం వెళ్ళాను. ఈ అమ్మాయి నన్ను నీళ్ళలోకి దింపకుండా వదలనంది. నాకు అప్పటికి యాభై నాలుగేళ్ళు, పొట్ట ఉంది, భయం ఉంది. నాతో పాటు కంప్యూటరు ఉద్యోగాలు చేసే ఒక కుర్ర జంట కూడా దిగారు. నల్లటి బిగుతు బట్టలు తొడిగి, నడుముకి సీసపు దిమ్మలు కట్టి, నోట్లో గొట్టం పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఒడ్డు మీద తల వంచుకుని నడిచే మనిషి నీళ్ళలో వేరే మనిషి. తొందర లేదు. రాళ్ళ సందుల్లో పడుకుని ఉండే ఒక చిన్న సొర ఉంటుంది, దాన్ని ఆమె రాళ్ళసొర అనేది. దానికోసం ప్రతి సందులోకీ వంగి, చిన్న లైటు వేసి, అద్దెకొచ్చినవాళ్ళు ఇల్లంతా తిరిగి చూసినట్టు చూసింది. పచ్చటి మసక నీళ్ళు. ఒక పెద్ద రాయికి ఎవరిదో తెగిపోయిన వల చుట్టుకుని ఉంది. అందులో పీతలు చచ్చి వేలాడుతున్నాయి. ఒక చేప ఇంకా కొట్టుకుంటోంది. ఆమె నడుముకున్న కత్తి తీసి దాన్ని వదిలించి, వలలో ఒక ముక్క కోసి సంచీలో పెట్టుకుంది.

పైకొచ్చాక పడవలో ముగ్గురినీ మూడు మూలలా కూర్చోబెట్టి తలా ఒక పలక ఇచ్చింది. రాయడం అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. "ఒకళ్ళ మాట ఇంకొకళ్ళ కళ్ళలోకి దూరిపోతుందండి" అనేది. ఎవరైనా ఇంత సొర అని చేతులు చాపితే, ఆ చేతుల్ని పట్టుకుని కాస్త దగ్గరికి జరిపేది. నీళ్ళలో ఏదైనా పెద్దగానే కనిపిస్తుందట.

నేను నిజానికి సొరని చూడలేదు. కానీ ఆ రాళ్ళ దగ్గర మూడు నెలలుగా సున్నాలే వేస్తున్నవాణ్ణి నేనే కదా. ఆమె మొహం చూసి పలక మీద రాళ్ళసొర ఒకటి అని రాశాను. ఆమె పలక తీసుకుని చదివింది. ఒక్క క్షణం కళ్ళు మెరిశాయి. తర్వాత మెల్లగా, ఆడదా మగదా అని అడిగింది. మగదానికి పొట్ట వెనక రెండు వేళ్ళలాంటివి ఉంటాయని నాకు ఎన్నోసార్లు చెప్పింది. నేను తడబడ్డాను. ఎటు తిరిగి పడుకుందని అడిగింది.

"నాకోసం రాయకండి బాబాయి గారూ" అంది. కోపం లేదు ఆ గొంతులో. పలక తిరిగి నా చేతికిచ్చి, నేనే చెరిపేదాకా పక్కకి తిరిగి సముద్రం కేసి చూస్తూ కూర్చుంది. నా జన్మలో ఎవరి ముందూ అంత సిగ్గుపడలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆమె వెంట వాళ్ళ ఊరు కూడా వెళ్ళాను. గోదావరి కలిసే చోటు కాబట్టి అక్కడి సముద్రం ఎప్పుడూ బురదగానే ఉంటుంది, లోపలికి దిగినా అరచెయ్యి కనబడదు. అందుకని అక్కడ వేటకెళ్ళి వచ్చిన పడవల దగ్గరే ఆమె లెక్క. సొరలు దించగానే టేపు తీసి ముక్కు నుంచి తోకదాకా కొలిచేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని దర్జీ అని పిలిచేవారు. జాకెట్లు ఎప్పటికి కుట్టి ఇస్తావే అని నవ్వేవారు. వాళ్ళతో తనూ నవ్వేది. వాళ్ళ అన్నయ్య ఆ ఊళ్ళో అలివి వలకి పెద్ద. సముద్రంలో వల చుట్టి, రెండు కొసలూ ఒడ్డున నిలబడి ఇరవై మంది లాగుతారు, అదీ అలివి వలంటే. ఆయన చెల్లెలి టేపు రెండో కొస తనే పట్టుకునేవాడు. చెల్లెలంటే ఎంత గర్వమో ఆయన నిలబడే తీరులో తెలిసేది.

ఆ రోజే ఆమె నాకు సొరపిల్ల పొట్ట తిప్పి ఆ చీలిక చూపించింది.

"బొడ్డండి. ఇంకా ఆరలేదు. పుట్టి పది రోజులు కూడా అవలేదన్న మాట."

సొరలు చాలావరకు మనలాగే పిల్లల్ని కంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. కాస్త అవతల ఒక పెద్ద సొరని కోస్తే కడుపులో కదలని పిల్లలు ఐదు ఉన్నాయి. ఆమె వాటిని ఇసుక మీద వరసగా పేర్చి కొలిచి రాసుకుంది. కోసింది ఆమె తల్లే. ఆ ముక్కల్ని బుట్టకెత్తుకుని రాజోలు వీధుల్లో అమ్మేది కూడా ఆమె తల్లే. తిరిగి వస్తూ, ఇవి తినొద్దని మీ వాళ్ళకి చెప్పవేం అని అడిగాను. "మా అమ్మ నన్ను సొరలమ్మి పెంచిందండి. ఎవరికని చెప్పను? ఎన్ని ఉన్నాయో చెప్తాను. మిగతాది వాళ్ళే చూసుకోవాలి."

ఇలా ఆరేళ్ళు నడిచింది. తర్వాత ఆ చుక్కలసొర వచ్చింది.

ఆమె అలా పిలిచేది గానీ, తిమింగలమంత ఉండే సొర అది. ఒంటినిండా తెల్లచుక్కలుంటాయి. ఎవరినీ ఏమీ చేయదు. దాన్ని పట్టడం, చంపడం పెద్ద నేరం. ఆమె ఇంటికొచ్చి ఉన్న రోజునే అది వాళ్ళ అన్నయ్య అలివి వలలో పడింది. ఒడ్డుకి దగ్గరగా లాగాక గానీ ఏం పడిందో తెలియలేదు. వల కోసి వదిలేయమని ఆమె ఛాతీలోతు నీళ్ళలోకి దిగి అందట. వల కోస్తే ఇరవై ఇళ్ళకి ఆ కాలమంతా వేట లేనట్టే. ఒడ్డున కేకలు. ఎవరో తాడు అందించారు. తోకకి కట్టి లాగారు. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది. ఊరు ఊరంతా దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఆ ఫొటోలు సాయంత్రానికి ఫోన్లలో ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. తెల్లారేసరికి అటవీశాఖ వాళ్ళు వచ్చారు.

చచ్చి కొట్టుకొచ్చి వలలో పడిందని ఊరు ఊరంతా ఒకే మాట చెప్పింది. ఫొటోల్లో ఉన్నదీ చచ్చిన సొరే. కానీ ఆమె రాసుకుంటుందని ఆ అధికారులకి తెలుసు. రాసింది ఉంటే తెచ్చి ఇమ్మన్నారు.

మంగళవారం పొద్దున్న ఆమె నా కొట్టుకి వచ్చింది. వెనకాలే వాళ్ళ వదిన. చంకలో పిల్ల, నెత్తిన ఎండ, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. ఆమె పలక తీసి బల్ల మీద పెట్టింది. నేను టైపు చేశాను. చుక్కలసొర, ఆడది, ఒకటి. వలలో పడినప్పుడు బతికుంది. మొప్పలు ఆడుతున్నాయి. తోకకి తాడు కట్టి లాగేరు. ఒడ్డున చచ్చిపోయింది.

వదిన నా కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. ఒక్క మాట మార్చమంది. ఆ బతికుంది అన్న ఒక్క మాట. ఆయన జైలుకి వెళ్తే తనకీ పిల్లలకీ ఎవరు దిక్కని అడిగింది. నేను మారుస్తానన్నాను. పలక తుడిచేస్తే పోతుంది, ఇక్కడ మూడు అక్షరాలు కొడితే సరిపోతుంది, ఎవరికీ తెలియదన్నాను. నిజంగానే వేళ్ళు మీట మీద పెట్టాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఇది మార్చితే మిగతావి ఎవరు నమ్ముతారండి? ఆరేళ్ళవీ పోతాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది గానీ, అప్పుడు అనేశాను. నీకు తోడబుట్టినవాడి కంటే చేపలు ఎక్కువైపోయాయా అన్నాను. ఆమె పలక తీసి సంచీలో పెట్టుకుంది. కోర్టుకెళ్ళే జనం అటూ ఇటూ పోతున్నారు. వదిన చంకలో పిల్ల నిద్రపోయింది. చివరికి, "ఎక్కువ తక్కువలు కాదు బాబాయి గారూ. నేను చూసేను" అంది. కాగితం తీసుకుని తనే వెళ్ళి ఇచ్చి వచ్చింది. వదిన ఒక్కతే ఊరి బస్సెక్కింది.

వలకి పెద్ద కాబట్టి కేసు వాళ్ళ అన్నయ్య మీదే పెట్టారు. నెల రోజుల పైన జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. మరుసటి నెల ఆమె ఊరెళ్తే తల్లి తలుపు తీయలేదట. తిట్టనూ లేదు, లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతూనే ఉందట. ఒడ్డుకి వెళ్తే పడవలవాళ్ళు సొరల మీద గోనెలు కప్పేశారు. దర్జీ అని నవ్వే ఆడవాళ్ళు ఒక్కరూ పలకరించలేదు. అన్నయ్య పేరు రాసి మరీ ఇచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు, ఆమె పోయాక విన్నాను. చెప్పి ఉంటే నేనైనా వెళ్ళి, రాసిందేమిటో చెప్పేవాణ్ణి. ఆ ఆదివారం నా పక్కన కూర్చుని, వాళ్ళ ఊరి పడవల లెక్క ఉండాల్సిన గడిలో ఏం వెయ్యమంటావని అడిగితే, ఖాళీ వదిలెయ్యండి అని మాత్రం అంది.

తర్వాత కూడా రెండో ఆదివారాలు వచ్చేది. అంతర్వేది వెళ్ళే బస్సు ఎక్కేది కాదు. పని అయ్యాక కొట్టు మెట్ల మీద కాసేపు కూర్చుని మళ్ళీ విశాఖపట్నం బస్సెక్కేది. నా భార్య అన్నం పంపితే తినేది. నేను ఆ రోజన్న మాట గురించి ఎప్పుడూ ఎత్తలేదు, క్షమించమని అడగలేదు. వచ్చే నెల అడుగుదాంలే అనుకుంటూ పదకొండు నెలలు గడిపాను.

ఒక గురువారం ఎవరో కొత్త నంబరు నుంచి ఫోను చేశారు. ఆమె పనిచేసే చోటి యజమాని. రాళ్ళకి చుట్టుకున్న ఆ పాత వలని ఆమె అప్పటికీ కొంచెం కొంచెంగా కోస్తూనే ఉందట. ఆ రోజు కెరటం పెరిగి అడుగు బురద లేచింది. జతగా దిగినతనికి ఆమె కనబడకుండా పోయింది. అతను పైకొచ్చి చూసి, మళ్ళీ దిగి వెతికేసరికి ఆమె వలలోనే ఉంది. కత్తి చేతిలోనే ఉంది. గాలి అయిపోయింది.

నాకెందుకు చేశారని అడిగాను. ఉద్యోగం కాగితాల్లో, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలన్న చోట నా నంబరు ఉందట. ఆమెకి ఏమవుతారన్న చోట తెలిసినవారు అని రాసుకుందట.

వాళ్ళ తల్లికి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ పాకముందు చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నేను చెప్పింది విన్నది. వంగి, ఆ చాప చివరిదాకా ఉన్న చేపలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. తర్వాత చేతులు కడుక్కుని, పమిటతో తుడుచుకుని, ఎక్కడుందండి అని అడిగింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనా నేనూ కలిసి విశాఖపట్నం వెళ్ళాం. ఆమెని ఊరికి తీసుకొచ్చాం. ఊరికి అవతల సరుగుడు తోట పక్కన పూడ్చిపెట్టారు. ఇంటివాళ్ళు కాక వచ్చినవాళ్ళు నలుగురైదుగురు.

పెద్దకార్యానికి ముందురోజు ఆయన నా కొట్టుకి వచ్చాడు. ఇస్త్రీ లేని తెల్లచొక్కా, చేతిలో ఖాళీ సంచీ. జిరాక్సుకొచ్చినవాళ్ళు వెళ్ళిపోయేదాకా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, ఆ రోజు చెల్లెలు రాసింది ఉందాండి అని అడిగాడు. ఉందన్నాను. నాకు చదవడం రాదండి, చదివి వినిపిస్తారా అన్నాడు.

వెతికి తీశాను. చదివాను. చుక్కలసొర, ఆడది, ఒకటి. వలలో పడినప్పుడు బతికుంది. మొప్పలు ఆడుతున్నాయి. తోకకి తాడు కట్టి లాగేరు. ఒడ్డున చచ్చిపోయింది.

ఆయన ఇంకా వినబోతున్నవాడిలా నిలబడ్డాడు.

"ఎవరు కట్టేరో లేదాండి?"

లేదన్నాను.

"ఇంకోసారి చూడండి బాబుగారూ. తాడు ఎవరు కట్టేరో."

తెరని ఆయన వైపు తిప్పాను. చదవడం రాని కళ్ళతో ఆ వరస మొదటి నుంచి చివరిదాకా చూశాడు. పేరు ఎక్కడా రాయలేదయ్యా అన్నాను. లాగేరు అని మాత్రం రాసింది.

ఆయన సంచీని రెండు చేతులతో మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"నేనేనండి" అన్నాడు. "నా పక్కనే ఉందండి చెల్లెలు. నేను కడతా ఉంటే చూస్తానే ఉంది."